చదును రాళ్ళ దారి

బున్యామిన్ డ్యూటీకి ఎప్పుడూ ముప్పావుగంట ముందే వస్తాడు. ఆ సైనిక స్థావరంలో అదొక జబ్బుగా లెక్క. తొమ్మిదింటికి కుర్చీ ఎక్కవలసినవాడు ఎనిమిదింబావుకే ఫ్లాస్కు చంకన పెట్టుకుని, భార్య కట్టిచ్చిన, పాలకూర కూరి కాల్చిన బోరెక్ రొట్టెల పొట్లంతో కంటైనరు గది తలుపు తోసుకుని వచ్చేస్తాడు. వచ్చి ఏం చేస్తాడయ్యా అంటే ఏమీ చేయడు. వెనకగోడకి ఆనించిన మడతకుర్చీ విప్పుకుని, ముందు కూర్చున్న ఇద్దరి భుజాల మధ్యనుంచి తెర వంక చూస్తూ కూర్చుంటాడు. యాభై రెండేళ్ళ మనిషి, ఇంకో నాలుగు నెలల్లో పింఛను. హాయిగా ఇంట్లో కాళ్ళు చాపుకుని టీ తాగక ఈయనకెందుకింత ఆత్రం అని కుర్రకారు నవ్వుకునేవారు. ఆత్రమంతా రావడంలోనే. పనిలో ఆయనంత నిదానస్తుడు మరొకడు లేడు. మిగతావాళ్ళు అయిదు నిమిషాల్లో తేల్చే సంగతిని ఆయన గంటసేపు నానబెడితే గానీ తేల్చడు.

సార్జెంట్ ఆయ్‌సున్‌కి ఆయన అలా వెనక కూర్చోవడం అసలు గిట్టదు. దానికి కారణం ఉంది. కెమెరా పనిలో ఆమెకి పాఠాలు చెప్పినవాడు ఆయనే. శిక్షణ చివర రాసిచ్చిన నివేదికలో మెచ్చుకోళ్ళన్నీ అయ్యాక "కొంత తొందరపాటు ఉంది" అని ఒక ముక్క చేర్చాడు. ఆ ఒక్క ముక్క పుణ్యమా అని ఆమె ప్రమోషన్ ఏడాది వెనక్కి పోయింది. పైకి అన్నా అన్నా అంటూనే ఉంటుంది గానీ, ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా ఒళ్ళు మండుతుంది. మండదూ మరి?

గది చిన్నది. ఎడమ కుర్చీలో పైలట్ కెప్టెన్ ఓర్చున్, కుడి కుర్చీలో కెమెరా మీటలు పట్టుకుని ఆయ్‌సున్. వాళ్ళు నడిపే విమానం మాత్రం అక్కడికి నూటయాభై కిలోమీటర్ల దూరంలో, సరిహద్దులోని హక్కారీ కొండల మీద, పదిహేడు వేల అడుగుల ఎత్తున చుట్లు కొడుతూ ఉంటుంది. లోపల మనిషి ఉండడు, రెక్కల కింద రెండు క్షిపణులు ఉంటాయి. ఒకసారి ఎగిరిందంటే ఇరవై నాలుగు గంటలు దిగదు. కింద మనుషులు మారతారు, పైన అది మారదు. దాని బలం వేగంలో లేదు, ఓపికలో ఉంది. ఎగరేసేవాళ్ళకి ఆ సంగతి తెలుసు గానీ, ప్రతి పూటా గుర్తుండదు.

ఆ రోజు పొద్దున ఎనిమిదిన్నరకి ఒక మనిషి తెర మీదికి వచ్చాడు. కొండ వాలు వెంబడి కాలిదారిలో నడుస్తున్నాడు. భుజాన బరువైన సంచి. పది అడుగులు వేసి వంగుతాడు, చేత్తో ఏదో రుద్దుతాడు, సంచిలోంచి ఏదో తీసి రాళ్ళ దగ్గర పెడతాడు, లేస్తాడు. మళ్ళీ పది అడుగులు. అదే దారిన ఇంకో గంటలో పద్నాలుగు మంది సైనికుల గస్తీ పైకి ఎక్కవలసి ఉంది.

ఆయ్‌సున్ కుర్చీ ముందుకి లాక్కుంది. ఎందుకంటే కిందటి నెల సరిగ్గా ఇలాంటి దారిలోనే, ఆమె చూస్తుండగానే, ఒకడు వంగి లేచాడు. బూటు తాడు కట్టుకుంటున్నాడేమో, చూద్దాం ఆగండి అంది ఆమె. ఆగారు. మర్నాడు ఆ చోట ఇద్దరు సైనికులు పోయారు. వాళ్ళలో ఒకడిది ఆమె సొంత ఊరు ఐవలిక్. వాళ్ళ ఆలివ్ తోట పక్కనుంచే ఆమె బడికి వెళ్ళేది. అంత్యక్రియలకి వెళ్ళి ఆ తల్లి ముందు నిలబడి ఒక్క మాట కూడా మాట్లాడలేక తిరిగొచ్చింది. ఆ తర్వాత తనలో తను గట్టిగా అనుకుంది, ఇంకెప్పుడూ ఆగమని అననని.

అందుకని ఈసారి ఆలస్యం చేయలేదు. మందుపాతరలు పెడుతున్నాడని కెప్టెన్‌తో చెప్పింది. కెప్టెన్ నోట్లోని పొద్దుతిరుగుడు గింజని పక్కకి ఉమ్మి, దాడులకి అనుమతులిచ్చే కేంద్రానికి ఫోన్ కలిపాడు. మామూలుగా నోరు మూయకుండా జోకులు వేసే మనిషి, ఆ క్షణంనుంచి గొంతు మార్చేశాడు. కేంద్రం మొదట గస్తీని వాగు దగ్గరే ఆపించింది. తర్వాత అసలు సంగతికి వచ్చింది. ఆ మనిషి శిఖరం దాటాడంటే అవతల సరిహద్దు, ఇక దొరకడు. పడమటినుంచి మబ్బు కమ్ముకొస్తోంది, పదకొండు నిమిషాల్లో ఆ వాలంతా మూసేస్తుంది. మబ్బు పడితే క్షిపణికి గురి చూపించే లేజరు పనిచేయదు. కాబట్టి చేసేదేదో ఈలోపే చేయాలి. అనుమతి ఇవ్వడానికి వాళ్ళు సిద్ధంగా ఉన్నారు. కెమెరా పట్టుకున్న మనిషి నోటినుంచి "గుర్తించాను" అనే ఒక్క మాట వస్తే చాలు.

ఆయ్‌సున్ గురిగీతల్ని ఆ మనిషి వీపు మీదికి తెచ్చి నిలిపింది. చేయి వణకలేదు. ఆ సంగతి తర్వాత తలచుకుని ఆమెకే భయం వేసింది, వణకనందుకు.

వెనకనుంచి మడతకుర్చీ కిర్రుమంది. బున్యామిన్ లేచి వచ్చి ఆమె భుజం పక్కన నిలబడ్డాడు.

"తల్లీ, ఒకసారి ఇందాకటిది వెనక్కి తిప్పి చూపించు."

"ఇప్పుడా అన్నా? టైం లేదు."

"రెండో తెర మీద తిప్పు. కెమెరా వాడి మీదే ఉండనీ."

తొందరపాటు అని రాసిన పెద్దమనిషి ఇదే అదనని పాఠం మొదలెట్టాడనుకుంది. అయినా పళ్ళు కొరుక్కుంటూ తిప్పింది. నాలుగు నిమిషాల వెనకటి బొమ్మ. మనిషి వంగాడు, రుద్దాడు, పెట్టాడు, లేచాడు.

"వాడి చెయ్యి చూడు," అన్నాడు బున్యామిన్. "తుడవడం ముందా, తర్వాతా?"

ఆమె చూసింది. ఇంకోసారి తిప్పి ఇంకో రాయి దగ్గర చూసింది. తర్వాత మూడోది.

"ముందు."

"మందుపాతర పెట్టేవాడు పెట్టాక తుడుస్తాడు, ఆనవాలు లేకుండా. వీడు రాయిని చొక్కా చేత్తో శుభ్రంగా తుడిచి, ఆ తుడిచినచోట పెడుతున్నాడు. ఇంకోటి చూడు, గుండ్రాళ్ళ జోలికే పోవట్లేదు. అన్నీ బల్లపరుపు రాళ్ళే ఏరుకుంటున్నాడు. మా నాన్న ఇలాగే చేసేవాడు. గొర్రెలకి ఉప్పు పెడుతున్నాడు."

బున్యామిన్ వాళ్ళది టోరోస్ కొండల్లో మందలతోపాటు గుడారాలు మోసుకు తిరిగిన కుటుంబం. ఆ సంగతి ఆయన ఎప్పుడూ చెప్పుకోడు, ఎవరూ అడగరు. రాయి మీద మంచు తడి ఉంటే ఉప్పు కరిగి కారిపోతుందని, పిట్టల రెట్ట ఉంటే గొర్రె మూతి పెట్టదని, అందుకే తుడుస్తారని నిదానంగా, అదేదో సెలవురోజు కబుర్లన్నట్టు చెప్పాడు. కెప్టెన్‌కి ఓపిక పోయింది.

"సరే అన్నా, ఉప్పే అనుకుందాం. గొర్రెలేవీ? ఈ చుట్టుపక్కల నాలుగు కాళ్ళది ఒక్కటి కనబడట్లేదు."

"పెట్టేటప్పుడు మందని దగ్గరికి రానివ్వరు సార్. ఉప్పు సంగతి పసిగట్టాయంటే ఒకదాన్నొకటి తొక్కుకుంటాయి. ముందు రాళ్ళన్నిటి మీదా సర్ది, అప్పుడెళ్ళి తోలుకొస్తారు."

ఫోన్ మోగింది. కేంద్రంలోని అధికారి ఇంకా ఆరు నిమిషాలే ఉన్నాయన్నాడు.

ఆయ్‌సున్ తెర మీదనుంచి కళ్ళు తిప్పకుండానే అడిగింది. "ఉప్పేనని కచ్చితంగా చెప్పగలవా అన్నా?"

"చెప్పలేను," అన్నాడు బున్యామిన్. "మందుపాతరేనని నువ్వు చెప్పగలవా?"

చెప్పగలననే కదా ఆమె పది నిమిషాలుగా అనుకుంటోంది. ఐవలిక్ తల్లి ముఖం కళ్ళముందు నిలబడింది. ఇప్పుడు ఆగమని, రేపు ఈ దారిలో ఇంకెవరి కొడుకో పోతే, ఆ తల్లి ముందు నిలబడాల్సింది మళ్ళీ తనే. ఆగకుండా కొట్టి, వాడు ఉప్పు పెట్టేవాడే అయితే? అక్కడా ఒక తల్లి ఉంటుంది గానీ, ఆమె ముందు నిలబడమని ఎవరూ పిలవరు. అదే ఇందులో ఉన్న తేలిక. ఆ తేలికే ఇందాక తన చేయి వణకకుండా చేసిందని ఆయ్‌సున్‌కి అప్పుడు అర్థమైంది.

తెర మీద ఆ మనిషి ఇంకో రాయి దగ్గర వంగాడు. తుడిచాడు. తల పక్కకి వంచి, బాగా పోయిందో లేదో చూసుకుని, ఇంకోసారి తుడిచాడు.

"గుర్తించారా, లేదా?" అన్నాడు ఫోన్‌లో అధికారి.

"గుర్తించలేదు సార్," అంది ఆయ్‌సున్. "ఇంకా చూడాలి."

ఆ అధికారి, కిందటి నెల కూడా ఆమె ఇదే మాట అన్నదని గుర్తుచేశాడు. అరవలేదు, మామూలుగానే అన్నాడు. అది ఇంకా ఎక్కువ తగిలింది. ఆమె అవును సార్ అంది. గస్తీ ఎక్కడున్నది అక్కడే ఉంటుందని, తేలేదాకా చూస్తూనే ఉండమని చెప్పి ఆయన ఫోన్ పెట్టేశాడు. నాలుగు నిమిషాలకి మబ్బు వచ్చి కొండనీ, దారినీ, మనిషినీ కప్పేసింది. తెర మొత్తం తెల్లగా అయిపోయింది.

తొమ్మిదయింది. కుర్చీ బున్యామిన్‌కి ఇవ్వాలి. తేలేదాకా లేవనంది ఆయ్‌సున్. ఆయన సరేనని వెనక్కి వెళ్ళి మళ్ళీ మడతకుర్చీలోనే కూర్చున్నాడు. కెప్టెన్‌ని మార్చడానికి వచ్చిన పైలట్ తలుపులోంచి తొంగిచూసి, లోపల ముఖాలు చూసి, నేను టీ తాగొస్తా అని జారుకున్నాడు. విమానం తెల్లటి మబ్బు మీద చుట్లు కొడుతూ ఉంది. ఇంకా పదకొండు గంటల ఇంధనం ఉంది దాంట్లో. దానికి ఆకలి లేదు, అలసట లేదు, కిందటి నెల సంగతులు గుర్తులేవు.

పదయింది, పదకొండయింది. వాగు దగ్గర ఆగిన సైనికులు ఇంకెంతసేపని రెండుసార్లు అడిగారు. బున్యామిన్ బోరెక్ ముక్క ఒకటి కాగితంలో పెట్టి ఆమె మోచేతి పక్కన ఉంచాడు. ఆమె ముట్టుకోలేదు. కళ్ళల్లో వత్తులేసుకుని ఆ తెలుపునే చూస్తూ కూర్చుంది. మబ్బు కింద వాడు సంచి ఖాళీ చేసుకుని సరిహద్దు దాటిపోతున్నట్టు ఒకసారి, రాయి పక్కన కూర్చుని రొట్టె తింటున్నట్టు ఒకసారి, ఆమె బుర్ర బొమ్మలు కల్పించుకుంటూ పోయింది. పదకొండున్నరకి ఇక పట్టలేక వెనక్కి తిరిగింది.

"ఉప్పు కాకపోతే ఏంటన్నా? నువ్వు నాలుగు నెలల్లో పింఛను తీసుకుని వెళ్ళిపోతావు. ఇక్కడ ఉండేది నేను."

ఆ మాటలో విషం ఉంది. ఆయనకి తగిలింది కూడా. కెప్టెన్ తెరలో తల దూర్చి ఏదో మీట సర్దుతున్నట్టు నటించాడు.

"కాకపోతే నాదే తప్పు," అన్నాడు బున్యామిన్. "నువ్వు చెప్పిన మాట పక్కన నా మాట కూడా రాయించు. దాని కింద సంతకం పెడతాను. ముందు ఆ ముక్క తిను."

ఆమె తినలేదు గానీ, కాగితాన్ని దగ్గరికి లాక్కుంది.

పన్నెండు దాటాక మబ్బు చిరగడం మొదలైంది. ముందు శిఖరం కనబడింది, తర్వాత వాలు పైభాగం, తర్వాత మళ్ళీ మూసుకుంది. ఆయ్‌సున్ కెమెరాని దారి మొదటికి తెచ్చి పెట్టి ఊపిరి బిగబట్టింది. పన్నెండు ఇరవైకి అక్కడ చిన్న చిల్లు పడింది. చిల్లులోంచి ఒక రాయి కనబడింది. రాయి చుట్టూ తెల్లగా ఏదో ఉంది. ఆమె దగ్గరగా లాగింది.

ఆరు గొర్రెలు. ఆరు తలలూ ఒకే రాయి మీద వంచి నాకుతున్నాయి.

చిల్లు పెద్దదయింది. తర్వాతి రాయి దగ్గర ఏడు, ఆ తర్వాత అయిదు, అలా దారి పొడుగునా, పెళ్ళిభోజనానికి కూర్చున్నట్టు, రెండు వందలకి తక్కువ కాకుండా గొర్రెలు. ఒక నల్ల మేక మాత్రం తన రాయి ఖాళీ చేసి పక్క రాయి మీదికి దాడి చేసింది. మన మనిషి కర్ర పట్టుకుని దాని వెంటపడ్డాడు. అది ఇంకో రాయి దగ్గరికి దూకింది. వాడు అక్కడికీ పరిగెత్తాడు. పదిహేడు వేల అడుగుల ఎత్తునుంచి కూడా వాడు దాన్ని తిడుతున్నాడని స్పష్టంగా తెలుస్తోంది.

కెప్టెన్ ఓర్చున్ నవ్వడం మొదలుపెట్టి ఆపుకోలేకపోయాడు. కళ్ళు తుడుచుకుంటూ, ఆ మేకని పెంచినవాడికి పతకం ఇవ్వాలన్నాడు. ఆయ్‌సున్‌కి నవ్వు రాలేదు. రెండు చేతులూ మీటల మీదనుంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది. అప్పుడు వణికాయి అవి. ఎంత వణికాయంటే మోకాళ్ళ మధ్య ఇరికించుకోవలసి వచ్చింది. దేవుడా, నీకు వెయ్యి దండాలు అని మనసులో అనుకుంది. మబ్బుకి దండం పెట్టింది, విమానంలో మిగిలిన ఇంధనానికి దండం పెట్టింది, ఆ రాయిని రెండోసారి తుడిచిన వాడి చేతికి దండం పెట్టింది. బతికి ఉన్నాడు. మేకని తిట్టుకుంటూ బతికి ఉన్నాడు. ఆమెకి జీవితంలో అంత అందమైన దృశ్యం ఇంకోటి గుర్తు రాలేదు.

కెప్టెన్ కేంద్రానికి చెప్పాడు. గస్తీ కదిలింది. అరగంటలో వాళ్ళు పైకి చేరి, ఆ కాపరిని ఆపి, గుర్తింపు కార్డు చూశారు. అంతా సక్రమంగా ఉంది. వాడు వాళ్ళకి ఐరాన్ అనే చల్లని ఉప్పుమజ్జిగ పోసి, వాళ్ళ బూట్లకి ఉప్పు అంటుతుందని, పక్కనుంచి నడవమని గదమాయించాడట. ఈ కబురు చెబుతూ కేంద్రంలోని అధికారి కూడా నవ్వాడు. తర్వాత ఒక క్షణం ఆగి, సార్జెంట్ ఆయ్‌సున్ మంచి పని చేసిందని అన్నాడు. అని, నివేదిక కోసం ఆ కాపరి పేరు చెప్పమంటారా అని అడిగాడు.

ఆయ్‌సున్ కలం తీసింది. నివేదిక కాగితం ముందే ఉంది. తేదీ, వేళ, చోటు, చూసినది, చేసినది. అడుగున ఒక గడి, దాడి జరిగితే చనిపోయినవారి వివరాలకి: పేరు, తండ్రి పేరు, ఊరు. ఆ గడి దగ్గర ఆమె కలం ఆగింది. ఈ పనిలో ఆమెకి తెలిసిన పేర్లన్నీ ఆ గడిలో చదివినవే. కిందనున్న మనిషి చచ్చిపోయాకే ఈ గదిలోకి పేరుతో వస్తాడు. బతికున్నన్నాళ్ళూ వాడు తెర మీద నడిచే ఒక చుక్క.

"అక్కర్లేదు సార్," అంది. "పేరు వద్దు."

ఆ గడి ఖాళీగా వదిలి సంతకం చేసింది. బున్యామిన్ వెనకనుంచి వంగి ఆ ఖాళీనే చాలాసేపు చూశాడు.

"నాకొకడి పేరు తెలుసు," అన్నాడు మెల్లగా. "మిర్జా. తండ్రి పేరు తాహిర్." ఊరి పేరు కూడా చెప్పాడు. "పదకొండేళ్ళయింది. కందకం తవ్వుతున్నాడన్నాను. గుర్తించానన్నాను. తేనెపెట్టెలు పెట్టుకోడానికి నేల చదును చేసుకుంటున్నాడట."

కెప్టెన్ చేతిలోని ఫోన్ మెల్లగా కింద పెట్టాడు. ఆయ్‌సున్ కుర్చీలోంచి లేచింది. ఆయన మీద ఏడాదిన్నరగా మోసిన కోపం ఎటు పోయిందో, వెతికినా దొరకలేదు. తనకి ఈ రోజు దక్కినది ఏ రోజున, ఎవరు, ఏం పోగొట్టుకుని కొన్నదో తెలిసింది. యూనిఫారంలో ఉండగా చేయకూడని పని చేసింది. పండగనాడు ఇంట్లో పెద్దవాళ్ళకి చేసినట్టు ఆయన కుడిచేయి పట్టుకుని ముద్దుపెట్టుకుని, తన నుదుటికి ఆనించుకుంది. ఆయన సిగ్గుపడి చేయి లాక్కోబోయాడు. ఆమె వదల్లేదు.

"నీ రుణం తీర్చుకోలేనన్నా," అంది.

"రుణమేంటి తల్లీ, వదులు," అన్నాడు ఆయన. ఆమె కుర్చీలో కూర్చుని, హెడ్‌ఫోన్లు పెట్టుకుని, కెమెరాని గొర్రెల మీదనుంచి పక్క లోయ మీదికి తిప్పాడు. తల తిప్పకుండానే, "ఇంటికెళ్ళి పడుకో. నీకు నిద్ర పడుతుంది," అన్నాడు.

ఆ మధ్యాహ్నం ఆయ్‌సున్ బూట్లు కూడా విప్పకుండా మంచం మీద వాలింది. చీకటి పడేదాకా నిద్రపోయింది.